ఉందా లేదా అనిపించే గులాబీ

ఆమధ్య ఫిలింనగర్‌లో షూటింగ్ ఉంది రమ్మని మా అక్క అల్లుడు కారు పంపితే, ఈ వయసులో నాతో ఏం పనిపడిందా అనుకుంటూ మధురానగర్ నుంచి బయల్దేరాను. కడుపులో మంటకు వేసుకునే మాత్రల ప్రకటనట. మాత్ర ఎంత యాసిడ్‌ని విరిచేస్తుందో నేను తెల్లకోటు వేసుకుని పరీక్షించి చూపాలట. ఒకప్పుడు మందుల కంపెనీలో సరిగ్గా ఆ పనే చేసినదాన్నని నామీద గౌరవమట. ఆ గౌరవం ఏపాటిదో బల్ల చూడగానే తెలిసింది. రంగులేని నీళ్లు కెమెరాకు ఆనవని, చుక్కలు కొలిచే గాజుగొట్టం, అదే బ్యూరెట్, దాని నిండా రోజ్‌మిల్క్ పోసి పెట్టారు.

కాలేజీలో పిపెట్‌ని నోటితో పీల్చి ఆ చేదు చవిచూసిన నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను. మాత్రను నూరి, కొలిచి పోసిన యాసిడ్‌లో వేసి మరిగించి, చల్లారాక, అది విరవలేక వదిలేసిన యాసిడ్ ఎంతో తేల్చడానికి బ్యూరెట్‌లోంచి కాస్టిక్ సోడా ద్రావణం చుక్కచుక్కగా వదిలేవాళ్లం. యాసిడ్ తీరిపోగానే, ముందుగా కలిపిన ఇండికేటర్ లేత గులాబీకి తిరిగేది, ఆపైన ఒక్క చుక్క ఎక్కువైనా ముదిరేది. సోడా తక్కువ పడితే మాత్రకు బలమున్నట్టు, ఎక్కువ పడితే అది ఉత్త పిండిబిళ్ల.

నాకు ఫ్లాస్కు పట్టి చేయి తిప్పడం నేర్పింది మా వదిన, నాకంటే ముందే ఆ ల్యాబ్‌లో చేరిన మనిషి. ఫ్లాస్కు కింద తెల్ల పింగాణీ పలక పెట్టి, ఉందా లేదా అనిపించే గులాబీ ఛాయ నిలిచిన చోట ఆపాలనేది. రంగు కాస్త ముదిరిందా, నా ముఖమైనా చూడకుండా ఫ్లాస్కు లాక్కుని తొట్టిలో పారబోసేది. ఎన్నిసార్లు ఏడిపించిందో. ఆమె ఒక్కసారి బాగుందని తలూపితే చాలని, టిఫిన్ డబ్బా మూత తీయకుండా మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఇక్కడి మహానుభావులకు బ్యూరెట్ మొత్తం ఒక్క ఊపున ఖాళీ కావాలి, ఫ్లాస్కు బీట్‌రూట్ రంగుకు తిరగాలి, అదీ మాత్ర పవరు. అంత సోడా పట్టిందంటే మీ మాత్ర దండగని మీరే ఊరంతా చాటుకుంటున్నారు, తెలిసినవాళ్లు నవ్వుతారు నాయనా అని అల్లుడికి చెప్పి చూశాను.

"ఎవరికి తెలుస్తుందండీ అత్తయ్యగారూ, విజువల్ బాగుండాలి గానీ" అన్నాడు.

కోటు విప్పి కుర్చీ మీద పడేసి వచ్చేశాను. జూబ్లీహిల్స్‌లో అంత ఇల్లు కట్టుకున్న బుర్రల్లో ఆవగింజంత సిగ్గు లేదని దారి పొడవునా తిట్టుకున్నాను. నా కుర్చీలో జుట్టుకు తెల్లరంగు పూసిన జూనియర్ ఆర్టిస్టును కూర్చోబెట్టారని తర్వాత తెలిసింది.

ప్రకటన టీవీలో వచ్చిన రోజు నేను ఎదురుచూసింది ఒక్క ఫోను కోసమే. ఇద్దరం కలిసి ఆ రోజ్‌మిల్క్ శాస్త్రజ్ఞుల్ని తనివితీరా ఏకిపారేద్దామని కూర్చున్నాను. సాయంత్రం వదిన చేసింది.

"మనోళ్ల యాడ్ చూసిన్నే. గులాబ్ రంగు ఎంత మంచిగ కొట్టొచ్చినట్టు కనవడ్డది. నేను గూడ రెండు డబ్బాలు తెప్పించిన" అంది.

అవును వదినా, బాగుంది అన్నాను. ఫిలింనగర్ వాళ్లను ఛీకొట్టడం నాకు కష్టమేమీ కాదు, అలవాటే. ఆ ముదురు రంగును పారబోసే మనిషి ఒకరు నా వెనక నిలబడి ఉన్నారన్న ధీమాతోనే ఇన్నాళ్లూ బతికాను. ఇప్పుడా తొట్టి దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.