మా బండి వెనక కూర్చున్న పెద్దామె

పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి బతికినదాన్ని నేను. క్లాసులో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నవ్వేసి పాఠంలోకి లాక్కుపోయేదాన్ని. రిటైరయ్యాక కూడా నా అభిప్రాయం మారలేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఏమనుకోవాలో మీ ఇష్టం.

ఎనభైల మొదట్లో సంగతి. తిరుపతిలో మా కాపురం. మా ఆయన మునిరత్నం ఒక ఆఫీసులో గుమాస్తా. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదని, సెలవు దొరికితే చాలు మా అత్త మమ్మల్ని ఏదో ఒక గుడికి మొక్కుకు పంపేది. ఆమెది ప్రేమే. కానీ ఎక్కడికి పోయినా అదే కోరిక, తిరిగి వచ్చేటప్పుడు అదే మౌనం.

అలాంటిది ఒకరోజు మా ఆయన, "సరోజా, దసరా సెలవులకు మొక్కూ వద్దు, ముడుపూ వద్దు. బండి మింద కన్యాకుమారి దాకా పోయి సముద్రం సూసొద్దామా?" అన్నాడు.

నేనప్పటికి సముద్రం చూడలేదు. ఆయన అడగడం పూర్తికాకముందే సరేనన్నాను.

బండి కొత్తది. షాపు నుంచి మేమే తెచ్చుకున్నాం. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ మొదట అడిగేది, "అది పాత బండా? ఎవరిదో పోయినవాళ్లదా?" అనే.

నెల ముందు నుంచే ఇల్లు మెకానిక్ షాపులా తయారైంది. క్లచ్ వైరు, ప్లగ్గు, ట్యూబు, స్పానర్లు దేవుడి పటాల పక్కన గూట్లో చేరాయి. మా ఆయన పెరట్లో కూర్చుని చక్రం ఊడదీసేవాడు, మళ్లీ బిగించేవాడు. బిగించాక ఒక నట్టు మిగిలిపోయేది. తలపట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. అంత దూరం పక్కకు తిరిగి కూర్చుంటే నడుము నిలవదని, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవడానికి నేను పంజాబీ డ్రెస్సు కుట్టించుకున్నాను. బెంచీకి దిండు కట్టి, దాని మీద కూర్చుని అలవాటు చేసుకున్నాను కూడా. అది చూసి మా అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఎముకలిరిగినా పుత్తూరు దగ్గరే, పోయి కట్టు కట్టించుకోవచ్చునని ధీమానా మీకు? ఆ దావలో ఏమన్నా అయితే ఎవురుండారు? ఇద్దురే ఇద్దురు పోతారంట! నేను ఒప్పుకోను" అంది.

ఆమె ఒప్పుకోకపోతే ప్రయాణం లేనట్టే. మా ఆయన పైకి ఎంత ఎగిరినా, తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే గడప దాటే మనిషి కాదు.

ముందు దగ్గర్లో ఎక్కడికైనా పోయి క్షేమంగా తిరిగొస్తే ఆమెకు ధైర్యం వస్తుందనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున, నిజంగా కన్యాకుమారికి పోతున్నట్టే సామానంతా కట్టుకుని, పుత్తూరు మీదుగా కార్వేటినగరం బయలుదేరాం. నా వెనక క్యారియర్ మీద రేకు పెట్టె, దాని మీద దుప్పట్ల మూట, చుట్టూ తాడు. కోడిపిల్ల కూర్చోవడానికి కూడా చోటు లేదు.

వడమాలపేటలో టీకి ఆగాం. కొట్టాయన మూడు గ్లాసులు తెచ్చి పెట్టాడు.

"ఇద్దరమే అన్నా" అన్నాను.

"పెద్దామె తాగదా?" అంటూ అటూ ఇటూ చూశాడు. "యాడికి పొయ్యిందబ్బా, ఇప్పుడే కదా దిగె!"

మూటను చూసి మనిషనుకున్నాడని మేం నవ్వుకున్నాం. మూడో టీ కూడా మా ఆయనే తాగేశాడు.

పుత్తూరు హోటల్లో సర్వరు మా ముందు మూడు ఆకులు వేశాడు. మా ఆయన మొహంలో నవ్వు కాస్త తగ్గింది. నేను ఇద్దరికే ఇడ్లీ చెప్పాను.

"అవ్వకొద్దామ్మా? కొళాయి కాడ చేతులు కడుక్కుంటా ఉండాది, వస్తాదిలే" అన్నాడు సర్వరు.

లేచి వెళ్లి చూశాను. కొళాయి దగ్గర ఎవరూ లేరు. కింద తడి ఉంది. హోటల్లో కొళాయి కింద తడి ఉండటం వింతేమీ కాదు. తిరిగి వచ్చి ఆమె ఎలా ఉందని అడిగాను.

"పొడుగ్గా ఉండాది. తలంతా నెరిసింది. ఎర్ర కోక. మీ బండే కదమ్మా దిగింది, మీకు తెలీదా?" అని నన్ను అదోలా చూశాడు.

మా ఆయన ఇడ్లీ సగంలో వదిలేసి, "ఇంటికి పోదాం పా" అన్నాడు. నాకు మాత్రం ఎందుకో భయం వేయలేదు. పైగా సరదాగా అనిపించింది. "సగం దావలో తిరిగిపోతే మీయమ్మ మనల్ని ఇంక జన్మలో పంపదు" అన్నాను. ఆ మాట పనిచేసింది.

కార్వేటినగరం దారిలో, మామిడి తోటల మధ్య, ఒక బస్సు మమ్మల్ని దాటబోతూ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, ముసిలామెను ఎనక కూసోబెట్టుకోని అట్లా తోల్తావా? నిదానంగా పో!" అని అరిచి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా నేను ఎంత మొత్తుకున్నా వేగం తగ్గించని మనిషి, ఆ తర్వాత ఎద్దుల బండి తోలినట్టు తోలాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. చెయ్యి పెట్టి తడిమాను. మూట, తాడు. అంతే.

కార్వేటినగరంలో పాత రాజుల మేడ చూసి, నిమ్మకాయ సోడా తాగాం. సోడా అమ్మే ఆమె రెండే ఇచ్చింది. హమ్మయ్య అని మా ఆయన ఊపిరి పీల్చుకునేలోగా, "పెద్దామెకు సోడా పడదంట, వద్దనిందిలే" అంది.

ఈ సంగతి అత్తకు ఒక్క ముక్క కూడా చెప్పకూడదని తిరుగుదారిలో అనుకున్నాం. చెబితే ప్రయాణం అక్కడితో సరి.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అత్త వాకిట్లో నిలబడి మాకోసం చూస్తోంది. బండి ఆపగానే కోపంగా అందుకుంది.

"ఏమ్మే సరోజా, ఇంత దూరం తోడొచ్చిన మనిషిని ఈది మొగదల్లోనే దించేసి వస్తారా? ఇంట్లోకి పిలిచి ఇంత మజ్జిగన్నా ఇయ్యద్దా?"

మేం వీధి మొగదల్లో ఆగనేలేదు.

"ఎవురత్తా?" అన్నాను.

"ఎవురంటే నేనేం చెప్పేది? ఎర్ర కోక కట్టుకోనుండె, పొడుగు మనిషి. దిగి, నీ ఈపు తట్టి, అట్లా పొయ్యె. నువ్వు తిరిగన్నా సూడలేదు."

ఇక దాచి లాభం లేక అంతా చెప్పేశాం. ఆమె అరుగు మీద చతికిలబడింది. పోయినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంది. "మన వాళ్లల్లో అంత పొడుగు మనిషి ఎవురూ లేర్రా" అని తేల్చింది. తర్వాత మా నాయననూ అడిగాను. మా వైపు ఆడవాళ్లంతా పొట్టివాళ్లే అన్నాడు.

ప్రయాణం ఆగిపోయినట్టేనని ఇద్దరం దిగులుగా పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే అత్త మురుకుల పిండి కలుపుతోంది.

"ఇద్దురే పోతారనే కదరా నా బయమంతా" అంది, తల ఎత్తకుండా. "పోయిరాండి."

పోయాం. దారిలో పంక్చర్లు పడ్డాయి, ఒకచోట వానకు తడిసి ముద్దయ్యాం. అయినా అంత సంతోషంగా ఏ ప్రయాణమూ చేయలేదు. సముద్రం చూడగానే చెప్పులు చేతిలో పట్టుకుని చిన్నపిల్లలా పరిగెత్తాను. ఆ దారి పొడవునా పెద్దామె ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

దుప్పట్ల మూటను చూసి ఒకరు పొరపడ్డారంటే నమ్ముతాను. ఒకరికొకరు తెలియని వాళ్లందరూ అదే మనిషిని ఎలా చూశారు? మేం నోరు విప్పకముందే మా అత్త ఆమె కోక రంగు ఎలా చెప్పింది? ఇన్నేళ్లు ఆలోచించినా నాకు సమాధానం దొరకలేదు. ఆమె ఎవరో, ఆ ఒక్కరోజే మాతో ఎందుకు వచ్చిందో తెలియదు. భయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకటే లోటు. దారిన పోయేవాళ్లంతా ఆమెను చూశారు. నా వీపుకు ఆనుకుని అంత దూరం వచ్చిన మనిషి మొహం, నేను మాత్రం చూడలేకపోయాను.