ఆ ఉదయం గచ్చిబౌలికి చేరని రక్తం

తొంభైల చివర్లో నేను గచ్చిబౌలి వైపు ఒక ప్రయోగశాలలో పరిశోధన చేసేదాన్ని. ఉబ్బసం ఉన్నవాళ్ల రక్తంలోని తెల్లకణాలు బయటి సంకేతాన్ని లోపలికి ఎలా చేరవేస్తాయి, ఎందుకంత త్వరగా రెచ్చిపోతాయి అన్నది మా పని. అందుకు అప్పుడే తీసిన రక్తం కావాలి. పీల్చే మందు ఆ సంకేతాలనే మార్చేస్తుంది కాబట్టి ఆ పూట మందు వాడనివాళ్లు కావాలి. నెలంతా తిరగ్గా, జీడిమెట్లలో ఫ్యాక్టరీ పనికి వెళ్లే సత్తెమ్మగారు ఒప్పుకున్నారు. ఆయాసం వస్తే మాత్రం మందు ఆపొద్దని ఆవిడను చూసే డాక్టరు షరతు పెట్టారు.

ఆ ఉదయం ఏడింటికి జీడిమెట్లలో ఆవిడను ఆటో ఎక్కించి నేనూ పక్కన కూర్చున్నాను. డ్రైవరు యాదగిరి మీటరు వేయనన్నాడు, రెండు వందలకు తగ్గనన్నాడు. బాలానగర్‌లో లారీల మధ్య ఇరుక్కుని, ఎర్రగడ్డ, జూబ్లీహిల్స్ మీదుగా మాదాపూర్ చేరేసరికి తొమ్మిదైంది. తీరా చూస్తే అక్కడ రోడ్డే లేదు! నిన్నటి రోడ్డు ఇవాళ గొయ్యి. కొత్త భవనాల కోసం బండలు పగలగొడుతున్నారు. ముందేముందో కనబడనంతగా టిప్పర్లు లేపిన దుమ్ము.

"వేరే దారి లేదా బాబూ?"

"ఎటు పోయినా గిట్లనే ఉంది మేడం. అంతా తవ్విపెట్టిన్రు, నన్నేం జెయ్యమంటరు?"

ఇంతలో సత్తెమ్మగారి ఊపిరి ఈలలా వినిపించింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మందు పీల్చండి," అన్నాను.

"వద్దు బిడ్డా... నీ పని ఖరాబైతది. జర ఓర్సుకుంట."

"నా పని సంగతి వదిలేయండి, ముందు పీల్చండి!" అని అరిచాను. మందు డబ్బా సంచి అడుగున, టిఫిను కింద ఉంది. సంచి మొత్తం సీటు మీద కుమ్మరించి తీసి ఇచ్చాను. యాదగిరి నన్నడగకుండానే బండి వెనక్కి తిప్పి దవాఖాన ముందు ఆపాడు.

గంట తర్వాత ఆవిడ తేరుకున్నారు. మందు పీల్చారు కాబట్టి ఇవాళ రక్తం తీయలేమని ఫోన్ బూతు నుంచి మా ప్రయోగశాల సారుకు చెప్పాను.

"వచ్చిన మనిషిని వదిలేశావా? మళ్లీ ఎవరు దొరుకుతారు?"

"ఊపిరాడని మనిషిని ఆ దుమ్ములోంచి తేలేనండి. ఇకమీదట మనమే వాళ్ల దగ్గరికి వెళ్దాం."

నెల వాదించాక, రక్తం తీయడానికి జీడిమెట్లకు దగ్గర్లోనే కూకట్‌పల్లిలో ఒక క్లినిక్‌లో గది దొరికింది. అక్కడ మొదట రక్తమిచ్చింది సత్తెమ్మగారే. ఆటో దిగి, "ఈ తొవ్వ మంచిగుంది బిడ్డా" అన్నారు.

రోగం గురించి అంత చదివి, రోగిని తెచ్చే దారి గురించి ఎవరమూ ఆలోచించలేదు. ఆ విసుగు నాకిప్పటికీ పోలేదు. మీలో ఉబ్బసం ఉన్నవాళ్లు అలాంటి తవ్విన రోడ్ల మీద వెళ్తే, మందు సంచిలో కాదు, చేతిలో పట్టుకోండి.