రావణుణ్ణి ఎండబెట్టిన రోజు

మా చిన్నప్పుడు... వినుకొండ అవతల ఒక పల్లెలో, పొద్దున్నే బొమ్మల పెట్టె మూత తీయగానే అమ్మ "అయ్యో!" అంది. ముందు రోజు దారిలో వాన పడి పెట్టెలోకి నీళ్లు దిగాయి. తోలుబొమ్మలన్నీ తడిసి మెత్తబడ్డాయి. సాయంత్రమే ఆట...

మాది నలుగురి కంపెనీ. నాన్న రాముడు, అమ్మ సీత, తాళాలు నాయనమ్మవి. నాన్న తమ్ముడు కోటి బాబాయి రావణుడు. ఎవరి బొమ్మకు వాళ్లే గొంతు. బాబాయి పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో పిల్లలు భయంతో వెనక్కి జరిగేవాళ్లు.

అలాంటి మనిషికి ఆ ఏడు జ్వరం వచ్చి తగ్గాక గొంతు బొంగురుపోయింది. రెండు ఊళ్లలో పద్యం మధ్యలో ఆగిపోయాడు. ఆ పొద్దున నాన్నతో తేల్చి చెప్పేశాడు.

"ఈ ఒక్క ఆట చూస్తా అన్నా. ఇయ్యాల కూడా గొంతు లేవకపోతే రేపు చీమకుర్తి పోతా... రాళ్ల పనికి."

రావణుడు లేకుండా రామాయణం ఎక్కడుంది?

బొమ్మలు ఆరబెట్టే పని నాది. తొమ్మిదేళ్ల పెద్దమనిషిని మరి! మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది... రాముణ్ణీ రావణుణ్ణీ ఒకే చాప మీద పెట్టకూడదు, పెడితే ఆట చెడుతుంది. ఉన్నది ఒకటే చాప. దాని మీద రాముడి పక్షాన్నంతా పరిచేశాను. పక్కనే కల్లంలో, మిరపకాయలు ఎత్తేసిన పట్టా ఒకటి ఖాళీగా కనిపించింది. నాకంటే పొడుగున్న రావణుణ్ణి ఈడ్చుకెళ్లి దాని మీద పడుకోబెట్టాను. అటూ ఇటూ తిప్పి మరీ ఎండబెట్టాను... ఎంత తెలివో!

చీకటి పడింది. తెర వెనక బల్బులు వెలిగాయి. జనం కిక్కిరిసి కూర్చున్నారు. బాబాయి రావణుణ్ణి తెరకు ఆనించి మొదటి పద్యం ఎత్తుకున్నాడు... ఖంగున మోగింది! అమ్మ నా వైపు చూసి నవ్వింది.

బల్బు వేడికి తోలు కాగడం మొదలైంది. రెండో పద్యం సగంలో దగ్గు... ఆపుకున్నాడు. మళ్లీ దగ్గు. కళ్ల వెంట నీళ్లు. తెర మీద రావణుడు వణికిపోతున్నాడు. బయట ఎవడో ఈల వేశాడు.

అమ్మ సీతను నాయనమ్మ చేతిలో పెట్టింది. గొంతు బరువు చేసుకుని, ఆగిపోయిన చోటి నుంచే రావణుడి పద్యం అందుకుంది. కాళ్ల కింద చెక్కలు దడదడలాడించింది. ఆట నిలబడింది, చప్పట్లు కూడా కొట్టారు.

అంతా అయ్యాక నేను రావణుడి దగ్గరకు వెళ్లాను. తోలుకు కొట్టిన చిల్లుల నిండా ఎర్రటి దుమ్ము. వేలితో తుడిచి వాసన చూశాను... మిరప ఘాటు. చెబితే వీపు విమానం మోత మోగుతుందని నోరు మూసుకున్నాను. ఊరంతా కల్లాలే, ఊరంతా ఘాటే... ఇంకెవరికీ అనుమానం రాలేదు.

తెల్లారి బాబాయి సంచి భుజాన వేసుకున్నాడు.

"ఉండబ్బాయ్, ఒక్క నెల చూద్దాం" అంది అమ్మ.

"వద్దులే వదినా. గొంతు పోయినోడికి తెర వెనక ఏం పని?"

నా తల నిమిరి లారీ ఎక్కాడు. అది మలుపు తిరిగేదాకా మాట నాలుక చివరే ఉంది... బయటికి రాలేదు.

ఏడాది తిరక్కుండానే మా కంపెనీ ఆగిపోయింది. ఇప్పుడు మా వైపు పిల్లలు తోలుబొమ్మలాట చూడాలంటే ఫోన్లో వెతుక్కోవాల్సిందే.

పోయిన నెల బాబాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. మనవరాలికి రావణుడి పద్యం నేర్పుతున్నాడు. డెబ్భై ఏళ్ల గొంతు... అదే మోత! వెంటనే ఫోన్ చేశాడు. "చూశావా అమ్మాయ్, పోయిన గొంతు దేవుడు తిరిగిచ్చాడు" అని ఒకటే సంబరం. అప్పుడూ చెప్పలేకపోయాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

చిన్నప్పుడు చేసి, ఇంతవరకూ ఒప్పుకోని తప్పు మీకూ ఉంటే కింద రాయండి. ముందు నాది రాస్తున్నాను. మనవరాలు ఇది బాబాయికి చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను.

బాబాయ్... ఆ రోజు నీ గొంతు పోలేదు. రావణుణ్ణి మిరపకాయల పట్టా మీద ఎండబెట్టింది నేనే.