అబ్బాయిరాజు గారి చేతుల మీదుగా

భీమవరం చుట్టుపక్కల ఏది మొదలవ్వాలన్నా అబ్బాయిరాజు గారి చేతుల మీదుగానే మొదలవ్వాలి. ఆయన హస్తవాసి మంచిదని పేరు. ఐస్ ఫ్యాక్టరీ స్విచ్ ఆయనే వేశారు, పళ్ల డాక్టరు గారి రిబ్బన్ ఆయనే కత్తిరించారు, వాటర్ ప్లాంటులో మొదటి గ్లాసు ఆయనే తాగారు. రొయ్యల చెరువులున్నాయి గానీ వాటిని మేనేజరు చూసుకుంటాడు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పిలుపు కోసం కూర్చుంటారు. ఆ ఐస్ ఫ్యాక్టరీ రెండేళ్లకే మూతపడింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మొదలుపెట్టడం వరకే ఆయన పని.

మనిషి మంచివాడే. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు కారు పంపేది ఆయనే. కాకపోతే చేతిలోకొచ్చిన మైకు తిరిగివ్వడం ఆయనకెవరూ నేర్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు, నాతో సహా.

నేను ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్ని. నా విద్యార్థులు నలుగురు ఒక హోవర్‌క్రాఫ్ట్ చేశారు. కింద గాలి నింపుకుని నేల మీద జారిపోయే చిన్న బండి, రిమోట్‌తో నడుస్తుంది. థర్మాకోల్ పలక, రెండు ఫ్యాన్లు, చుట్టూ గొడుగు గుడ్డ. ఆ గుడ్డను వాళ్లలో ఆదిత్య పదకొండుసార్లు విప్పి కుట్టాడు. కాలేజీల మధ్య పోటీలో రెండు బండ్లు, మూడు నిమిషాలు. నేల మీది స్పాంజి బంతుల్ని ఎవరు తమ గోల్‌లోకి ఎక్కువ తోస్తే వాళ్లు గెలిచినట్టు. బండికి బ్రేకు లేదు, ఎక్కడ ఆగాలో ముందే ఊహించాలి. అది చేతికి పట్టుబడటానికి, బండి నడిపే మంజుషకు మూడు నెలలు పట్టింది. ఆఖరి బస్సు పోయినా ప్రాక్టీసు మానేది కాదు. ఫైనల్ గెలిస్తే చెన్నైలో జాతీయ పోటీకి వెళ్లొచ్చు. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే.

ఫైనల్ తణుకులో, ఒక కల్యాణ మండపంలో. మా ప్రిన్సిపాల్ గారు కొబ్బరికాయను, శాలువాను, అబ్బాయిరాజు గారిని వెంటబెట్టుకొచ్చారు.

"మన బండి మీ చేతుల మీదుగా కదలాలండి. ఒక్కసారి మీట నొక్కి ఇచ్చేద్దురు గాని," అన్నారు.

డ్రైవరు తప్ప ఇంకెవరూ రిమోట్ పట్టుకోకూడదని రూలుంది. రిఫరీ రూలు పుస్తకం తెరిచి, రాజుగారిని చూసి, మూసేశాడు. ఆ రిఫరీ షాపు రిబ్బన్ కూడా రాజుగారే కత్తిరించారట.

విజిల్ మోగింది. రాజుగారు మీట నొక్కారు, బండి కదిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక కూడా ఆయన నొక్కుతూనే ఉన్నారు.

"భలే పోతందండి," అన్నారు.

మంజుష నావైపు చూసింది. నేను ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను. ఆయన శాలువా మడతలు సరిచేస్తున్నారు. మా బండి గోడకు గుద్దుకుని, వెనక్కొచ్చి, రెండు బంతుల్ని శుభ్రంగా అవతలి వాళ్ల గోల్‌లోకి తోసింది.

"అటు కాదండి, ఇటండి," అని ఆదిత్య గొణిగాడు.

"తెలుసులేవయ్యా," అన్నారు రాజుగారు.

అప్పటికి నిమిషన్నర అయిపోయింది. మంజుష ఆయన ఎదుటికొచ్చి చెయ్యి చాపింది.

"రాజుగారండీ, రిమోట్ ఇవ్వండి. నేను నడపాలండి."

ఆయన్ని ఏదైనా తిరిగిమ్మని అడిగిన మొదటి మనిషి ఈ పిల్లే అయ్యుంటుంది. ఆయన తెల్లబోయి ఇచ్చేశారు. అడిగితే ఇస్తారన్నమాట. ఇంత సులువని తెలిస్తే మొదట్లోనే అడిగేవాణ్ణి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను అడిగేవాణ్ణి కాదు. నా మీద నాకే అసహ్యమేసింది.

మిగిలిన నిమిషన్నరలో మంజుష ఐదు బంతులు వేసింది. బండి ఆమె చెప్పినట్టల్లా విన్నది. ఒక్క బంతి తేడాతో ఓడిపోయాం.

రన్నరప్ మెమెంటో ఇవ్వడానికి మళ్లీ రాజుగారినే పిలిచారు. ఇంకెవరిస్తారు? ఆయన వేదికెక్కారు గానీ మంజుష మొహం చూడలేకపోయారు.

"తప్పయిపోయిందమ్మా," అన్నారు మెల్లగా. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

మెమెంటో పట్టుకుని ఇటు చూడమన్నాడు ఫొటోగ్రాఫర్. మంజుష చెయ్యి చాపలేదు.

"పర్లేదండి," అంది. "ఇది కూడా మీరే ఉంచుకోండి."