పోటు చూడని మంగళవారాలు

2022 జూలై 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. హంసలదీవి దగ్గరున్న మా చిన్న క్లినిక్‌కి నాగమణి మొదటిసారి ఆలస్యంగా వచ్చిన వేళ అది. గుడివాడలో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాక, ఆ క్లినిక్‌లో ఏ రోజు ఏ పని జరగాలో నిర్ణయించే బాధ్యత నాకిచ్చారు.

ఏఎన్‌సీ, అంటే గర్భిణులకు కాన్పుకు ముందు చేసే పరీక్షలు, వారం తప్పించి వారం మంగళవారం పెట్టాను. టోకెన్లు తొమ్మిదికి మొదలు, పదిన్నరకి ఆఖరు. పదకొండుకి డాక్టరుగారు మచిలీపట్నం బస్సెక్కాలి. అంతకుముందు జనం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి తోసుకునేవారు. నా పట్టికతో ఆ గోల పోయింది. దాన్ని గోడకి అంటించి మురిసిపోయాను కూడా.

నాగమణికి ఇరవై రెండేళ్లు. తొలిచూలు, ఆరో నెల దాటింది. పడవల నుంచి చేపలు దించి ఏరే పని.

"టోకెన్లు అయిపోయాయమ్మా. మళ్లీ ఇరవై ఆరున, తొమ్మిదికల్లా రా," అన్నాను.

"పడవలొచ్చే టైమండీ అది. సముద్రం మీ గడియారం చూసుకోదు కదండీ, మామ్మగారూ!" అని నవ్వింది.

"అయితే సముద్రాన్ని సెలవుచీటీ రాసి పంపమను."

అక్కడున్న వాళ్లంతా నవ్వారు.

26న పదీ యాభైకి వచ్చింది, మళ్లీ తిప్పి పంపాను. ఆగస్టు 9న పదకొండుంపావుకి. ఆ రోజు చెప్పులు చేత్తో పట్టుకుంది. "కాళ్లు పొంగినయ్యండీ. చెప్పులు పట్టట్లేదు," అంది. ఆ వాపు అర్థం తెలియనిదాన్ని కాను. బీపీ మిషను నా ఎదురుగానే ఉంది, చూడడానికి రెండు నిమిషాలు. కానీ ఒకరికి సడలిస్తే అందరూ ఆలస్యంగా వస్తారనుకున్నాను. తర్వాతి తారీఖు కార్డు మీద ఎర్ర సిరాతో రాసిచ్చాను.

పద్నాలుగున ఆమెకి ఫిట్స్ వచ్చాయి. గర్భిణికి బీపీ మితిమీరితే వచ్చే ఆ ప్రమాదాన్ని ఎక్లాంప్సియా అంటారు. మచిలీపట్నం తీసుకెళ్తుంటే ఆటోలోనే పోయింది.

నెలాఖరున వాళ్లత్త వచ్చి ఆ కార్డు నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు.

"పున్నానికీ అమాసకీ పొద్దున్నే పోటండీ. పడవలు ఆ నీటితోటే లోపలికొస్తాయి. మీరు రమ్మన్నయ్యన్నీ ఆ పక్క రోజులేనండీ. మధ్యలో మంగళారం అయితే మా పిల్ల ఖాళీయే. మమ్మల్నొక్క మాట అడగాల్సిందండీ."

ఆమె వెళ్లాక క్యాలెండర్ తీశాను. జూలై 13 పౌర్ణమి. 28 అమావాస్య. ఆగస్టు 12 పౌర్ణమి. నా పట్టికని ఒక్క వారం జరిపితే సరిపోయేది. ఎవరి కోసం పట్టిక గీస్తున్నామో వాళ్ల రోజెలా గడుస్తుందో ముందు అడగాలని అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. అప్పటికి నాగమణి లేదు.

ఆమె ఆలస్యం: నలభై, ఇరవై, నలభై ఐదు, మొత్తం నూట ఐదు నిమిషాలు. మూడుసార్లు బీపీ చూడకుండా నేను మిగుల్చుకున్నవి: ఆరు నిమిషాలు. పోయినవి: ఒక తల్లి, ఏడు నెలలు నిండిన ఒక బిడ్డ.