దొర కాలికి పదకొండు కుట్లు

కుట్ల డాక్టరమ్మ చేత్తో కుట్టు పడితే, వెంట్రుకలు మళ్ళీ మొలిచాక గాయం ఎక్కడయిందో ఆ గుర్రానికే గుర్తుండదని బండివాళ్ళు చెప్పుకొనేవారు. అందులో సగం గొప్ప, సగం నిజం. మనిషి పొట్టి. గుర్రానికి ఇవతల నిలబడిందంటే అవతలివాళ్ళకి ఆవిడ ముడి కూడా కనపడదు. ముప్ఫై ఏళ్ళ పశువైద్యంలో ఆవిడ్ని తన్నని జాతి ఏదైనా మిగిలిందంటే అది చేపలొక్కటే.

ఆవిడకో పద్ధతుంది. ముసలి గుర్రానికి పూర్తి మత్తు ఇవ్వదు. గుండె ఆగిపోతుందని భయం. గాయం చుట్టూ మొద్దుబార్చే సూది వేసి, నిలబెట్టే కుడుతుంది. అందుకే ఏ ఇంటికి వెళ్ళినా సంచీ కింద పెట్టకముందే ఒక ప్రశ్న అడుగుతుంది: "తల ఎవరు పట్టుకుంటారు?" తల దగ్గర తెలిసిన మనిషి ఉంటే సగం వైద్యం అయినట్టే. లేకపోతే తర్వాత వైద్యం డాక్టరుకే చెయ్యాల్సొస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ్ని పిలిపించింది ఒక ముసలామె. ఇరుకు సందు చివర రెండు గదుల ఇల్లు. వంటగది దాటితే రేకుల కొట్టు. కొట్టులో దొర. దొర అంటే గుర్రమే, ఇరవై ఆరేళ్ళది. ఆస్పత్రి నుంచి మాసిన దుప్పట్ల మూటలు లాండ్రీకి, ఉతికినవి మళ్ళీ ఆస్పత్రికి పందొమ్మిదేళ్ళు మోసింది. ఆ పని వ్యాన్ల పాలయ్యాక బండి పోయింది కానీ గుర్రం ఉండిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా.

గాయం ఎడమ వెనక కాలికి, పిక్క వైపు. చర్మం నోరు తెరుచుకుని ఉంది. లోపల తెల్లగా, తాడులా నరం మెరుస్తోంది. ఆ నరం తెగితే గుర్రం మళ్ళీ నిలబడదు. నిలబడలేని గుర్రానికి డాక్టరమ్మ దగ్గర ఒకటే మందుంది. అది సంచీ అడుగున, వేరే డబ్బాలో ఉంటుంది.

"ఎలా అయింది పెద్దమ్మా?"

"రేకు గీసుకుంది. పొద్దున పాలు కాస్తుంటే చప్పుడైంది. పాలు పొంగిపోయాయి కూడా."

"తల ఎవరు పట్టుకుంటారు?"

"నన్ను దగ్గరికి రానివ్వదు. అది ఈ ఇంటికొచ్చిన రోజునుంచీ నేను దానికి సవతినే." ముసలామె చేతులు చీరకి తుడుచుకుంది. "ఉంటారు లెండి. మీరు కానియ్యండి. నేను వేణ్ణీళ్ళు తెస్తా."

వెళ్తూ వెళ్తూ వంటగది తలుపు చేరవేసింది. కొట్టుకి సందువైపు ఇంకో తలుపుంది. ఇంటాయన అటునుంచి వస్తాడు కాబోలు అనుకుని డాక్టరమ్మ గొట్టం చెవులకి తగిలించుకుంది. దొర గుండె పది దెబ్బలకోసారి ఒక దెబ్బ ఎగ్గొడుతోంది. చెవులు వెనక్కి వాల్చి, ముక్కు బుసబుసలాడిస్తోంది. ఇలాంటి గుర్రం వెనక కూర్చోవడమంటే చావుకి కుర్చీ వేసి పిలవడమే. అయినా ఆవిడ కూర్చుని, కాలికి భుజం ఆనించి, మొద్దుబార్చే సూది బయటికి తీసింది.

అప్పుడు ముందువైపు నుంచి నాలుక కొట్టిన చప్పుడు, చిన్నగా, రెండుసార్లు. దొర నిట్టూర్చి తల దించింది. కాలి బిగువంతా సడలిపోయింది.

డాక్టరమ్మ పొట్ట కిందనుంచి చూసింది. అవతల రెండు పాదాలు. చెప్పుల్లేవు. మడమలు పగిలాయి. ప్యాంటు కుడి కాలు మాత్రం పైకి మడిచి ఉంది.

"వచ్చారా. గట్టిగా పట్టుకోండి" అంది.

"పట్టుకోవడమెందుకమ్మాయ్, చెప్తే వింటుంది. ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే."

డాక్టరమ్మ నవ్వుకుని సూది వేసింది. గాయం చుట్టూ వెంట్రుకలు గీస్తుంటే కింద మూడు తెల్లగీతలు బయటపడ్డాయి. నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి.

"ఇవి పాతవా?"

"చిన్నవి. గుడ్డ కట్టి నేనే ఆపా. ఇది నా చేతిలో లేదు."

"మూడుసార్లు గీసుకున్నాక కూడా ఆ రేకు పీకెయ్యలేకపోయారా?"

"రేకుకి పళ్ళుంటాయి" అన్నాడు ఆయన. "ఈ గాయానికున్నాయేమో చూడు."

డాక్టరమ్మ గాయం అంచు వేలితో తడిమింది. దర్జీ కత్తెర నడిచిన గుడ్డలా తిన్నగా ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో అది చూడగానే తెలియాల్సింది. పాల సంగతి వింటూ పరాకుపడింది.

"నరం తెగిందా?"

"పైన గీత పడింది. తెగలేదు."

"ఈసారికి" అన్నాడాయన.

ఆవిడ కుట్టడం మొదలుపెట్టింది. గుర్రం తల పట్టుకునే మనిషి రెండు నిమిషాలకోసారి కాలు మార్చుకుంటాడు. ఆ తల బరువలాంటిది. పదకొండు కుట్లు పడేదాకా ఆ పాదాలు ఇసుమంతైనా కదల్లేదు. ఏడో కుట్టు దగ్గర ఒక ఈగ నేలమీద నడుచుకుంటూ వెళ్ళి, మడమ దగ్గర పాదంలోకి దూరి, బొటనవేలి దగ్గర బయటికొచ్చి, రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది. కళ్ళలో చెమట పడిందని డాక్టరమ్మ తనకి తానే సర్దిచెప్పుకుని ఎనిమిదో కుట్టు వేసింది.

పదకొండో కుట్టు ముడి బిగుస్తుండగా వంటగది తలుపు కిర్రుమంది. దొర ఒక్కసారిగా తల ఎగరేసింది. డాక్టరమ్మ లేచి నిలబడింది. ముందువైపు ఎవరూ లేరు. సందువైపు తలుపుకి లోపలినుంచి గడియ వేసి ఉంది. గడియ మీద సాలెగూడు.

గిన్నెతో వచ్చిన ముసలామె డాక్టరమ్మ మొహం చూసి గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"ఏ కాలు మడిచాడు?"

"కుడిది."

"సైకిలు గొలుసులో పడుతుందని. ఆ సైకిలు అమ్మేసి ఇరవై ఏళ్ళయింది. చెప్తే వినే మనిషి కాదు." ముసలామె పీటమీద కూలబడింది. "పోయి ఎనిమిది నెలలు."

డాక్టరమ్మ చేతిలో సూది మాత్రం వదల్లేదు. గడ్డిలో పడితే దొరకదు మరి.

"మీకు కనపడతారా?"

"నేనుంటే రాడు. బతికున్నప్పుడూ అంతే. నేను ఇటొస్తే ఆయనకి బయట పని గుర్తొచ్చేది. తలుపు అవతల నించుని వింటా. మాట తెలీదు, గొంతు తెలుస్తుంది. దీనికి దెబ్బ తగిలితేనే వస్తాడు."

"తగిలితేనా, తగిలిస్తేనా?"

అబద్ధం చెప్తే అతికినట్టుండాలంటారు. ముసలామె అసలు అతికించబోలేదు.

"మొదటిది నిజంగా రేకేనమ్మా. ఆ రోజే మొదటిసారి గొంతు విన్నా. తర్వాత నెల్లాళ్ళు ఎదురుచూశా."

"మరి ప్రతిసారీ ఇంకాస్త లోతుగా ఎందుకు?"

"చిన్న గాయమైతే తొందరగా వెళ్ళిపోతున్నాడు."

ఆ మాట ఆమె అన్న తీరు, పెరుగు పులిసిపోయిందన్నట్టుంది. డాక్టరమ్మకి ఈగని చూసినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది.

"ఇంకా కట్టు కట్టాలి. కట్టు సరిగ్గా పడకపోతే కుట్లు ఊడతాయి. కుట్లు ఊడితే నరం ఆగదు."

"అయితే నేను అవతలికి పోతా." ముసలామె గిన్నె అందుకోబోయింది. "వచ్చి పట్టుకుంటాడు."

"వద్దు. మీరు పట్టుకోండి."

"నేనుంటే రాడని చెప్పానుగా."

"విన్నాను. ఈ గుర్రం దగ్గర రేపు ఉండేది మీరు. ఎల్లుండి ఉండేదీ మీరే. మిమ్మల్ని చూసి బెదిరినంతకాలం దీని కాలు మానదు. ఇంకోసారి కత్తి పడిందా, నేను తెచ్చేది సూదీ దారం కాదు. ఇది పోయాక ఆయన ఎవరికోసం వస్తారో ఆలోచించుకోండి."

"తన్నేస్తుంది."

"తన్నేది నన్ను. మీరు తలవైపేగా."

అప్పుడే సందువైపు తలుపు అవతల ఎవరో సన్నగా దగ్గారు. దొర చెవులు రెండూ అటు తిరిగాయి. ముసలామె మొహమూ అటే తిరిగింది. ఆమె వంటగదిలోకి పోతే చాలు, ఆ గొంతు ఇంకో పావుగంట వినొచ్చు. ఆ తలుపు కేసి చాలాసేపు చూసింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. ఇది తాను కుట్టగలిగేది కాదని ఆవిడకి తెలుసు.

ముసలామె ముందుకొచ్చి, గడ్డం కింద తాడు పొట్టిగా పట్టుకుంది. దొర బుసకొట్టి తల విదిలించింది. ఆమెని రెండడుగులు ఈడ్చుకుపోయింది. ఆమె వదల్లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మాట్లాడండి."

"దీంతో నాకేం మాటలు."

"ఏదో ఒకటి. ఆగకుండా."

ముసలామె గొంతు సవరించుకుంది. "కుళాయి కారుతోంది" అంది దొరతో. "రెండు నెలలైంది. పక్కింటాయన వచ్చి చూసి, ఇంకాస్త పాడుచేసి పోయాడు. పడగ్గదిలో బల్బు పోయింది. నాకు అందదు. చీకట్లోనే పడుకుంటున్నా. నీకేం, నిలబడే నిద్రపోతావు."

దొర ఒక చెవి తలుపు మీదనుంచి తీసి ఆమె వైపు తిప్పింది. డాక్టరమ్మ దూది పెట్టి, కట్టు చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు. తలుపు అవతల అడుగులు కదిలాయి. పరుగు కాదు, కోపమూ కాదు. పనైపోయిన మనిషి నడిచినట్టు సందులో దూరమవుతూ పోయాయి. మలుపు దాకా వినిపించి, ఆ తర్వాత లేవు.

ముసలామె కూడా విన్నది. మాట ఒక్క క్షణం తడబడింది. తర్వాత మళ్ళీ కుళాయి దగ్గరికే వచ్చింది. బొట్టు బొట్టుకీ చప్పుడెలా వస్తుందో, పడుకుంటే ఎలా వినపడుతుందో అంతా చెప్పింది. దొర రెండో చెవి కూడా ఇటు తిప్పింది.

డాక్టరమ్మ ఆఖరి చుట్టు బిగించి ముడి వేసి, నడుము పట్టుకుని లేచింది.

"అయిపోయింది పెద్దమ్మా. ఇక వదిలెయ్యొచ్చు."

ముసలామె తాడు వదల్లేదు.