మా మేనత్త ‘తెలియదు’లు

పోయిన ఆదివారం, ఈ పరాయి దేశంలో టాంపినీస్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చిన గుంటూరు కుర్రాడు, ఇక్కడి యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర మీద పరిశోధన చేస్తున్నవాడు, అల్మరాలోంచి ఒక పల్చటి పుస్తకం తీశాడు. మా తెలుగు చర్చి పిల్లల కోసం మా మేనత్త రాసిన ఇశ్రాయేలీయుల చరిత్ర అది. నాలుగు పేజీలు తిప్పి నవ్వాడు. “అంకుల్, ఈ ఆంటీ తవ్వకాల గురించి ఏమీ చదివినట్టు లేరే. బైబిల్లోని యెరికో గోడలు తన కళ్లముందే కూలినట్టు రాసేశారు.” నేను అతని అన్నంలో ఇంకో గరిటె పప్పుచారు పోశాను.

మా మేనత్త ఇక్కడి స్కూల్లోనే చరిత్ర చెప్పి రిటైరైంది. యూ టీ అనే పేటలో ఆవిడ ఫ్లాట్‌కు వెళితే సోఫాలో పుస్తకాలు కూర్చునేవి, మనం నిలబడాలి. ఆవిడ రాసిన ప్రతి పేరాలోనూ ఒక ‘తెలియదు’ ఉండేది. యెరికోలో తవ్వినవాళ్లకు కథ జరిగిందనుకునే కాలపు గోడలు దొరకలేదు, ఎందుకో తెలియదు. ఈ కథలు రాసినవాళ్లు ఎన్నో తరాల తర్వాత పుట్టినవాళ్లు, వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. బైబిలు బయట ఇశ్రాయేలు పేరు మొదట కనిపించేది ఒక ఈజిప్టు రాజు చెక్కించిన రాతి మీద. ఆ జాతి నాశనమైపోయిందని అందులో ఉంది. “మొదటి వార్తే చావు వార్త, అదీ అబద్ధం. ఇంక చరిత్ర ఎలా రాయనురా?” అని నవ్వేది.

ఆవిడ చేత్తో రాసిన కాగితాలను టైపు చేసే పని నాది. రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసుకు వెళ్లే రైల్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ ‘తెలియదు’లన్నీ తీసేశాను. పిల్లలు తికమకపడతారని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం చర్చి పెద్దలు మా గురించి ఏమనుకుంటారోనని. అచ్చయ్యాక ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పి, “ఏరా, నా తెలియదులన్నీ ఎక్కడ పెట్టావు?” అంది. “పేజీలు పెరిగిపోయాయత్తా” అన్నాను. తర్వాత చర్చి భోజనాల దగ్గర ఒక టీచరు అందరిముందూ పుస్తకంలో తప్పులు ఎత్తిచూపితే, “పెద్దదాన్నయ్యాను కదమ్మా, పొరపాట్లొస్తాయి” అంది. ఆవిడ కోసం ఇక్కడి అలవాటుగా టిష్యూ ప్యాకెట్ పెట్టి ‘చోప్’ చేసి ఆపిన కుర్చీ పక్కనే కూర్చుని నేను బిర్యానీ తింటున్నాను.

ఆవిడ పోయింది. పుస్తకం మీద పేరు ఆవిడదే ఉంది. మర్నాడు ఆ కుర్రాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. “ఆంటీ రాసిన కాగితాలున్నాయా అంకుల్?” అన్నాడు. లేవు. టైపయ్యాక పారేశాను. కాలం రాతి మీది అక్షరాలను కూడా అరగదీస్తుందని ఆవిడ అనేది. ఆవిడ కాగితాల జోలికి కాలం రాకముందే నేను వచ్చాను.